పాత బుల్లెట్టు – మూడు ఇంజనుల చరిత్ర

సంతలో ఎద్దును కొనబోవు రైతు మొదట దాని నోరు తెరచి పళ్ళు చూచును. పిదప సుళ్ళు చూచును. నాలుగడుగులు నడిపించి చూచును. కొమ్ములకు పూసిన రంగును చూచి బేరమాడువాడు రైతు కాడు. ఇంతటి వివేకము మోటారు సైకిలు కొనునప్పుడు మాత్రము చాలమందికి గుర్తు రాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో పాత బండ్లు అమ్ము చోట నిలువబెట్టిన రాయల్ ఎన్‌ఫీల్డు బండ్లను చూడబోయినవారికి మొదట కంటికి ఆనునవి కొత్త రంగు పూసిన పెట్రోలు టాంకి, మెరుగు పెట్టిన సైలెన్సరు, పొడవైన హ్యాండిలు. ఇవి కొమ్ములకు పూసిన రంగు వంటివే. బండి వయస్సును, గుణమును తెలుపు పళ్ళు ఇంజనులో ఉన్నవి.

ఇది వినోదమునకు చెప్పిన మాట కాదు. ఈ ప్రాంతమున పాత బుల్లెట్టు కొనువారిలో గల్ఫు దేశములలో ఏండ్ల తరబడి ఎండలో పనిచేసి నాలుగు రూకలు కూడబెట్టినవారు ఉన్నారు. మరమగ్గముల వద్ద రాత్రి షిఫ్టులు చేసి మిగిల్చుకొన్నవారు ఉన్నారు. వారికి బండి చెడి ఒక దినము నిలిచిపోయిన, ఆ దినపు కూలియు పోవును, మరమ్మతు ఖర్చును మీద పడును. కనుక ఏ ఇంజను గల బండిని కొనవలెననునది వారికి అభిరుచికి సంబంధించిన ప్రశ్న కాదు. ఇల్లు గడచుటకు సంబంధించిన ప్రశ్న.

పేరొకటి, యంత్రములు మూడు

పాత బండ్ల బేరములో మూడు మాటలు తరచుగా వినబడును: ‘కాస్ట్ ఐరన్’, ‘ఏ.వి.ఎల్.’, ‘యు.సి.ఇ.’ ఇవి మూడును రాయల్ ఎన్‌ఫీల్డు 350 తరగతి బండ్లలో వేరువేరు కాలములందు అమర్చిన ఇంజనుల పేర్లు. విచిత్రమేమనగా మూడింటికిని ముఖ్యమైన కొలతలు ఒక్కటే. సిలిండరు లోపలి వ్యాసము 70 మిల్లీమీటరులు. పిస్టను పైకి, క్రిందికి కదలు దూరము 90 మిల్లీమీటరులు. ఈ రెండు కొలతలతో లెక్క కట్టిన సిలిండరు పరిమాణము 346 ఘన సెంటీమీటరులు వచ్చును. కాగితము మీద ఈ అంకెను మాత్రమే చూచువానికి మూడు ఇంజనులును కవల పిల్లలవలె కనబడును. లోపలి సంగతి వేరు.

మూడును నాలుగు దశల ఇంజనులే. జర్మను దేశస్థుడు నికొలస్ ఆటో 1876లో నడిపి చూపిన పద్ధతియే వీటికి మూలము. మొదటి దశలో పిస్టను క్రిందికి దిగి, గాలి, పెట్రోలు ఆవిరి కలిసిన మిశ్రమమును పీల్చును. రెండవ దశలో పైకి లేచి దానిని నొక్కును. మూడవ దశలో విద్యుత్ రవ్వ తగిలి మిశ్రమము మండి పిస్టనును క్రిందికి నెట్టును. నాలుగవ దశలో పొగ బయటికి పోవును. ఇరుసు రెండు చుట్లు తిరిగిన ఒక్కసారి మాత్రమే శక్తి పుట్టును. మిగిలిన మూడు దశలను బరువైన గతిపాలక చక్రము తనలో దాచుకొన్న వేగముతో గడిపివేయును.

బుల్లెట్టు ‘డగ్ డగ్’ అను చప్పుడునకు కారణము ఇచ్చటనే ఉన్నది. నిలిపి ఉంచిన బండిలో ఇంజను నిమిషమునకు 900 చుట్లు తిరుగుచున్నదనుకొందము. అప్పుడు మిశ్రమము మండుట నిమిషమునకు 450 మార్లు, అనగా సెకనుకు ఏడున్నర మార్లు జరుగును. ఇంత మెల్లగా వచ్చు దెబ్బలను చెవి వేరువేరుగా గుర్తింపగలదు. అవే దెబ్బలు సెకనుకు నలుబది, ఏబది వచ్చిన ఒకే మ్రోతగా కలిసిపోవును.

పిస్టను కదలు దూరము సిలిండరు వ్యాసము కంటె ఎక్కువగుట చేతను, గతిపాలక చక్రము బరువైనదగుట చేతను ఈ ఇంజనులు తక్కువ వేగములోనే గట్టిగా లాగును. ఇద్దరు మనుషులను, ఒక బియ్యపు మూటను ఎక్కించుకొని మాటిమాటికి గేరు మార్చకుండ నడువగల గుణము వీటికి ఇందుచేతనే వచ్చినది.

రెడ్డిచ్ నుండి తిరువొత్తియూరుకు

ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణమున రాయల్ ఎన్‌ఫీల్డు సంస్థ 1901లో మొదటి మోటారు సైకిలు తయారు చేసినది. ‘బుల్లెట్టు’ అను పేరు 1930ల తొలి భాగమున వచ్చినది. నేడు మనకు తెలిసిన బుల్లెట్టుకు తాతవంటి 350 నమూనా రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట, 1949లో అమ్మకమునకు వచ్చినది. వెనుక చక్రమునకు ఊగు చట్రము, స్ప్రింగులు అమర్చుట అప్పటికి కొత్త సంగతి. ఆ యేడే మద్రాసు మోటార్సు సంస్థ ద్వారా ఈ బండ్లు మన దేశమునకు దిగుమతియగుట ఆరంభమైనది.

సరిహద్దుల కాపలాకు గట్టి బండ్లు కావలసివచ్చిన భారత సైన్యము 1950ల తొలి సంవత్సరములలో బుల్లెట్టును ఎన్నుకొన్నది. 1955లో ఇంగ్లండు సంస్థయు, మద్రాసు మోటార్సును కలిసి ఎన్‌ఫీల్డు ఇండియా అను సంస్థను స్థాపించినవి. మద్రాసు ప్రక్కనున్న తిరువొత్తియూరులో కర్మాగారము వెలసినది. మొదట ఇంగ్లండు నుండి వచ్చిన విడి భాగములను ఇచ్చట బిగించెడివారు. క్రమముగా భాగములన్నియు ఇచ్చటనే తయారగుట మొదలయినది.

తరువాత జరిగినది చరిత్రలో అరుదైన సంగతి. ఇంగ్లండులో మాతృసంస్థ కొత్త నమూనాలు తెచ్చి, పోటీకి నిలువలేక 1970 ప్రాంతమున మూతపడినది. మద్రాసులో మాత్రము 1955 నాటి నమూనాయే నడచుచు వచ్చెను. దిగుమతుల మీద కట్టుబాట్లు, పరిశ్రమలకు లైసెన్సుల పద్ధతి, కొనుటకు సిద్ధముగా నున్న సైన్యము, పోలీసు శాఖలు – ఇవన్నియు కలిసి ఆ నమూనాను కాపాడినవి. 1977లో మద్రాసు బుల్లెట్టులు ఇంగ్లండుకే ఎగుమతి అయినవి. పుట్టినింట లేని బండి మెట్టినింటి నుండి తిరిగి వెళ్ళినది.

మొదటిది: పోత ఇనుపది

ఈ మొదటి తరపు ఇంజనునే బజారులో ‘కాస్ట్ ఐరన్’ అందురు. దీని సిలిండరు పోత ఇనుముతో చేసినది. పైనున్న తల మాత్రము అల్యూమినియము మిశ్రలోహము. పిస్టను కూడ అల్యూమినియపుదే. ఇంజను ఒక పెట్టెలో, గేర్లు వెనుకనున్న మరొక పెట్టెలో ఉండును. రెండింటికిని వేరువేరు నూనెలు. గేర్లు నాలుగు, గేరు మీట కుడికాలి వైపు, వెనుక బ్రేకు ఎడమకాలి వైపు.

పోత ఇనుము అరుగుదలకు చక్కగా ఓర్చును. సిలిండరు అరిగిన లేతు మీద బోరు చేయించి, కొంచెము పెద్ద పిస్టను వేసిన ఇంజను తిరిగి ప్రాణము పోసుకొనును. ఈ పని చిన్న పట్టణములలో కూడ సాధ్యము. అయితే ఇనుమునకు ఒక లోపము కలదు. అల్యూమినియము మిశ్రలోహములు ఇనుము కంటె సుమారు మూడు రెట్లు త్వరగా వేడిని చేరవేయును. వేడికి సుమారు రెండు రెట్లు ఎక్కువగా వ్యాకోచించును. దీని ఫలితమును చిన్న లెక్కలో చూడవచ్చును. 70 మిల్లీమీటరుల పిస్టనును, అంతే వ్యాసము గల సిలిండరును 150 డిగ్రీల మేర వేడెక్కినవనుకొందము. అల్యూమినియపు పిస్టను సుమారు 0.22 మిల్లీమీటరు పెరుగును. ఇనుప సిలిండరు సుమారు 0.12 మిల్లీమీటరు మాత్రమే పెరుగును. అనగా రెండింటి నడుమ నున్న ఖాళీ, ఇంచుమించు తలవెంట్రుక మందమంత తగ్గును. నిజమున పిస్టను సిలిండరు కంటె ఎక్కువ వేడెక్కును గనుక ఖాళీ ఇంకను తగ్గును. జగిత్యాల ప్రాంతమున వేసవిలో ఎండ 45 డిగ్రీలకు చేరు దినములు కలవు. అట్టి ఎండలో, మధ్యాహ్నవేళ, ఇద్దరిని ఎక్కించుకొని ఆగకుండ వేగముగా పోయిన పిస్టను సిలిండరును పట్టుకొను ప్రమాదము కలదు. మెకానికులు ‘ఇంజను సీజయినది’ అనునది దీనినే. ఈ బండిని కొనువాడు దాని నడకను దానికే విడువవలెను. గంటకు 60, 70 కిలోమీటరుల వేగమే దీనికి హాయి.

దీనిని నడుపుటకు మునుపు చేయవలసిన తతంగము కూడ పాఠము వంటిదే. కిక్కు మెల్లగా తొక్కుచు అమ్మీటరు ముల్లు నడుమకు వచ్చువరకు చూడవలెను. డీకంప్రెషను మీట నొక్కి పిస్టనును నొక్కు దశ దాటించి, పిదప గట్టిగా తొక్కవలెను. ఇది తెలియక తొక్కినవాని కాలిని కిక్కు ఎదురు తన్నును. రవ్వ పుట్టించు పాయింట్ల ఖాళీని, టాపెట్ల ఖాళీని అప్పుడప్పుడు సరిచేయవలెను. ఇవన్నియు చేతికి అలవాటయిన పనులు. ఖరీదైన పనిముట్లు అక్కరలేదు.

మధ్యకాలపు ఇబ్బందులు

1980ల నడుమ జపాను సంస్థల సహకారముతో 100 ఘన సెంటీమీటరుల చిన్న బండ్లు మన దేశములో తయారగుట మొదలయినది. అవి తేలికయినవి, తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరము పోవునవి. వాటి ముందు బుల్లెట్టు అమ్మకము సన్నగిల్లినది. పెట్రోలు ఖర్చునకు విరుగుడుగా ఎన్‌ఫీల్డు సంస్థ 1990లలో ‘టారస్’ అను 325 ఘన సెంటీమీటరుల డీజిలు మోటారు సైకిలును తెచ్చినది. అది మెల్లగా నడచినను లీటరుకు చాల దూరము పోవుట చేత పల్లెలలో కొందరికి నచ్చినది. అదిర్పు, పొగ దానిని నిలువనీయలేదు. రెండు దశల ఇంజనుతో మైసూరులో తయారగుచుండిన యెజ్డీ బండ్ల కర్మాగారము 1996లో మూతపడినది. ఎన్‌ఫీల్డు ఇండియా 1994లో ఐషర్ సంస్థలో కలిసిపోయి, తిరిగి రాయల్ ఎన్‌ఫీల్డు పేరు ధరించినది. రాబోవు పొగ నియమములకు పోత ఇనుప ఇంజను తట్టుకొనలేదని అప్పటికే తేలిపోయినది.

రెండవది: ఆస్ట్రియా సాయముతో

ఆస్ట్రియా దేశమున గ్రాజ్ నగరమున హాన్స్ లిస్టు అను ఇంజనీరు 1948లో స్థాపించిన సంస్థ ఏ.వి.ఎల్. ఇంజనులను రూపొందించి ఇచ్చుటయే దాని వృత్తి. దాని సాయముతో తయారైన కొత్త ఇంజను 1999 ప్రాంతమున బుల్లెట్టులోనికి వచ్చినది. మాకిస్మో బండ్లలోను, 2002లో వచ్చిన థండర్‌బర్డు బండిలోను అమరినది. ఎత్తైన హ్యాండిలు, లోతైన ఆసనము గల థండర్‌బర్డుతో ‘క్రూయిజరు’ అను మాట రాయల్ ఎన్‌ఫీల్డు బండ్లకు అంటుకొన్నది. అంతకుముందు 2001లో బజాజు సంస్థ కవాసాకి ఎలిమినేటరును తెచ్చియుండెను. 2005లో దాని స్థానమున అవెంజరు వచ్చినది. పాత క్రూయిజరు కొనువారి ముందు నేటికిని అవెంజరు ఉన్నది. అది తేలికయిన బండి; దాని మరమ్మతు సాధారణపు బజాజు బండ్ల మరమ్మతు వంటిదే.

ఏ.వి.ఎల్. ఇంజనులో సిలిండరు కూడ అల్యూమినియపుదయినది. కనుక వేడి త్వరగా బయటికి పోవును. పిస్టనుతోబాటు సిలిండరు కూడ వ్యాకోచించును. నూనె పంపు శక్తి పెరిగినది. పాయింట్ల స్థానమున ఎలక్ట్రానికు పద్ధతి వచ్చినది. ముఖ్యమైన మార్పు మంటలో జరిగినది. పెట్రోలు పూర్తిగా మండుటకు, బరువు లెక్కన, ఒక పాలు పెట్రోలునకు సుమారు 14.7 పాళ్ళ గాలి కావలెను. ఈ ఇంజను అంతకంటె పలుచని మిశ్రమమును సుడి తిప్పుచు లోనికి పంపి మండించును. నొక్కుట కూడ పెరిగినది. పాత నమూనాలలో మిశ్రమము తన పరిమాణములో ఆరున్నరవ వంతుకు నొక్కబడుచుండగా, ఇందులో తొమ్మిదవ వంతుకు నొక్కబడును. ఎంత ఎక్కువగా నొక్కిన అంత ఎక్కువగా వేడి పనిగా మారునని ఉష్ణగతి శాస్త్రము చెప్పును. ఆదర్శ ఇంజనులో ఆరున్నర నిష్పత్తికి నూటికి సుమారు 53 పాళ్ళు, తొమ్మిదికి సుమారు 58 పాళ్ళు పనిగా మారును. నిజమైన ఇంజనులలో ఇందులో సగమునకు అటునిటుగానే దక్కినను, తేడా పెట్రోలు ఖర్చులో కనబడును.

అయితే దీనిలో గేర్ల పెట్టె ఇంకను వేరుగానే ఉన్నది. వాల్వులను ఎత్తు కడ్డీల పద్ధతియు పాతదే. సగము పాత, సగము కొత్త. కొత్తదనమునకు తగిన జాగ్రత్తలు కూడ కావలెను. పలుచని మిశ్రమముతో నడచు ఇంజనుకు ‘పికప్పు చాలలేదు’ అని కార్బ్యురేటరు జెట్టు మార్పించువారు కలరు. కొండ నాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినట్లు, అప్పుడు పెట్రోలు ఖర్చు పెరుగును, పొగ నల్లబడును. విద్యుత్ స్టార్టరు గల బండ్లలో స్టార్టరును ఇంజనుతో కలుపు ఏకదిశా క్లచ్చి సున్నితమైనది. ఇంజను ఎదురు తన్నిన అది దెబ్బతినును. బ్యాటరీ బలము తగ్గినప్పుడు బటను నొక్కక కిక్కు తొక్కుట మేలు. ఈ ఇంజను తయారైన కాలము పదేండ్లకు మించదు. కనుక దీనికే ప్రత్యేకమైన భాగములు పోత ఇనుప బండి భాగములంత తేలికగా దొరకవు.

మూడవది: ఒకే పెట్టెలో అన్నియు

రెండు చక్రముల బండ్లకు భారత్ స్టేజి మూడు పొగ నియమములు 2010 ఏప్రిలులో అమలునకు వచ్చినవి. పోత ఇనుప ఇంజను చరిత్ర అంతటితో ముగిసినది, ఏ.వి.ఎల్. కూడ తప్పుకొన్నది. వాటి స్థానమునకు యు.సి.ఇ. ముందే సిద్ధమైయుండెను. 2008–09 నాటి థండర్‌బర్డులోను, 2009 చివర వచ్చిన క్లాసిక్ బండ్లలోను అది అమరినది. ఇంజనును, క్లచ్చిని, గేర్లను ఒకే పెట్టెలో కూర్చుట దీని లక్షణము; దాని పేరునకు అర్థము కూడ అదియే. అన్నింటికిని ఒకే నూనె. గేర్లు ఐదు, మీట ఎడమకాలి వైపు. థండర్‌బర్డు, క్లాసిక్ 350 బండ్లలో మంట త్వరగా వ్యాపించుటకు రెండు స్పార్కు ప్లగ్గులు అమర్చిరి. వాల్వులను ఎత్తు టాపెట్లలో నూనె నిండి తమ ఖాళీని తామే సరిచేసికొనును గనుక, వాటిని మాటిమాటికి సరిచేయు పని లేదు.

ఈ సుఖమునకు వెల నూనెయే. టాపెట్లు నూనె ఒత్తిడి మీద పనిచేయునవి. క్లచ్చి అరిగిన పొడి కూడ అదే నూనెలో తిరుగును. నూనెను గడువునకు మార్చని బండిలో టాపెట్లు టకటక మ్రోగుట మొదలిడును. ఇంకొక సంగతి: పాత బండిలో గేర్ల పెట్టె చెడిన దానిని మాత్రమే ఊడదీసి ఇంటికి తీసికొని పోవచ్చును. యు.సి.ఇ.లో గేర్లను చేరవలెనన్న ఇంజను మొత్తము దింపి, పెట్టెను రెండుగా విప్పవలెను. దానికి ప్రత్యేకమైన పనిముట్లును, శుభ్రమైన చోటును కావలెను.

చరిత్ర ఇచ్చట ఆగలేదు. 2020 ఏప్రిలులో భారత్ స్టేజి ఆరు నియమములు రాగా కార్బ్యురేటరు పోయి ఇంధనమును చిమ్ము ఎలక్ట్రానికు పద్ధతి వచ్చినది. ఆ యేటి నవంబరులో థండర్‌బర్డు స్థానమున మీటియరు వచ్చినది. దాని ఇంజను పూర్తిగా కొత్తది: వ్యాసము 72, కదలిక 85.8 మిల్లీమీటరులు, పరిమాణము 349 ఘన సెంటీమీటరులు, అదిర్పును తగ్గించు సమతూక ఇరుసు కూడ కలదు. 70, 90 అను జంట అంకెలు బుల్లెట్టులో 2023 వరకు నిలిచి, తరువాత సెలవు తీసికొన్నవి.

గుర్తించు విధము

అమ్మువాని మాటతో పని లేకుండ ఇంజను జాతిని తెలిసికొనుటకు రెండు పరీక్షలు చాలును. మొదటిది కంటితో చేయునది. ఇంజనుకును, గేర్ల పెట్టెకును నడుమ సందు కనబడిన అది పోత ఇనుపదిగాని, ఏ.వి.ఎల్.గాని కావలెను. సందు లేక రెండును ఒకే ముద్దగా ఉన్న అది యు.సి.ఇ. రెండవ పరీక్షకు చిన్న అయస్కాంతము కావలెను. చల్లని సిలిండరు రెక్కలకు దానిని తాకించిన, ఇనుముకు అంటుకొనును, అల్యూమినియమునకు అంటుకొనదు. గేరు మీట ఎటు ఉన్నదను గుర్తును మాత్రము నమ్మరాదు. పోత ఇనుప ఇంజనుతోనే ఐదు గేర్లు, ఎడమ మీట గల ఎలక్ట్రా బండ్లు కూడ వచ్చినవి.

నంబరు పలక కూడ కొంత చెప్పును. ‘ఏపీ 15’ అన్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలపు కరీంనగర్ నమోదు. 2014 తరువాత ‘టీఎస్ 02’ వచ్చినది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడిన పిమ్మట జగిత్యాలకు ‘టీఎస్ 21’, రాజన్న సిరిసిల్లకు ‘టీఎస్ 23’ లభించినవి. 2024 మార్చి నుండి ‘టీజీ’ నడచుచున్నది. అయితే పలక బండి వయస్సును చెప్పునే గాని, లోపల ఉన్నది మొదట అమర్చిన ఇంజనేయని చెప్పదు. ఇంజను మీద, చట్రము మీద పోటు వేసిన అంకెలను నమోదు పత్రముతో ఒక్కొక్క అక్షరముగా సరిపోల్చి చూడవలెను. సరిపోలనిచో ధర ఎంత తక్కువయినను ఆ బేరము విడువవలెను. 15 ఏండ్లు నిండిన బండికి నమోదు పునరుద్ధరణ జరిగినదో లేదో కూడ చూడవలెను. పాత యజమాని అప్పు తీర్చినట్లు ఫారము 35ను, పేరు మార్పునకు 29, 30 ఫారములను చేతికి తీసికొనకుండ డబ్బు ఇయ్యరాదు.

బండిని చూడబోవునప్పుడు ఇంజను చల్లగా ఉండవలెను. ముందే వేడిచేసి ఉంచిన ఇంజను తన జబ్బును దాచును. ప్రారంభించిన పిమ్మట పొగను చూడవలెను. చలివేళ తెల్లగా కొంచెము కనబడి పోవునది నీటి ఆవిరి, దోషము కాదు. నల్లని పొగ పెట్రోలు ఎక్కువైనదనుటకు గుర్తు; కార్బ్యురేటరుతో సరిపోవచ్చును. నీలిపొగ ఆగకుండ వచ్చిన నూనె మండుచున్నదని అర్థము. అది రింగుల ఖర్చో, బోరు ఖర్చో తెచ్చును.

ఎవరికి ఏది?

1999కు ముందు బుల్లెట్టు పని నేర్చిన ఏ మెకానికు అయినను పోత ఇనుప ఇంజను మీదనే నేర్చియుండును. అప్పుడు ఇంకొక బుల్లెట్టు ఇంజను లేదు. ఆ తరమువారు ఇప్పుడు పెద్దవారగుచున్నారు. పోత ఇనుప బండి కొనదలచినవాడు బండి కంటె ముందు అట్టి మేస్త్రీని వెదకవలెను. చేయి తిరిగిన మేస్త్రీ ఊరిలో ఉన్న, దగ్గరి దూరములు మెల్లగా తిరుగువానికి ఆ బండి మరొక తరము పనిచేయును. అయితే ఇంటిలో మరొకరు కూడ నడుపు బండియైనచో ఒక ప్రమాదమును మరువరాదు. ఎడమ గేరు, కుడి బ్రేకునకు అలవాటు పడిన కాలు ఆపత్సమయమున అలవాటు ప్రకారమే తొక్కును. కుడి మీట బండిలో ఆ తొక్కుడు బ్రేకు మీద గాక గేరు మీద పడును. ఇంజనును బోరు చేయించవచ్చును, మనిషిని చేయించలేము.

కోరుట్ల నుండి జగిత్యాలకు, అచ్చటి నుండి కరీంనగరునకు జాతీయ రహదారుల మీద తరచుగా ప్రయాణము చేయువానికి, ఇంటివారిని వెంటబెట్టుకొని పోవువానికి, నూనె మార్పు రసీదులు సరిగా ఉన్న యు.సి.ఇ. బండి క్షేమము. 2019 ఏప్రిలు తరువాత తయారైనదైన చక్రము పట్టుకొనకుండ ఆపు ఏ.బి.ఎస్. కూడ ఉండును. సిరిసిల్ల మగ్గముల షెడ్డునకు ప్రతి దినము పోయివచ్చుటకే బండి కావలసినవాడు ఏ.వి.ఎల్. థండర్‌బర్డు తక్కువ ధరకు దొరికినదని తొందరపడరాదు. స్టార్టరు క్లచ్చి, కార్బ్యురేటరు భాగములు ఎచ్చట దొరకునో, ఎన్నాళ్ళకు వచ్చునో ముందు విచారించి, ఆ జవాబు తృప్తికరమైననే కొనవలెను. బండి షెడ్డులో పదిరోజులు పడియున్న, తక్కువ ధరలో మిగిలినది కూలిలో పోవును.

కార్బ్యురేటరు గల పాత బండ్లన్నింటికిని కొత్తగా వచ్చిన పరీక్ష ఒకటి ఉన్నది. 2025 నాటికి దేశమంతట నూటికి 20 పాళ్ళు ఇథనాలు కలిపిన పెట్రోలు వాడుకలోనికి వచ్చినది. ఇథనాలు మండుటకు పెట్రోలు కంటె తక్కువ గాలి చాలును. కనుక పాత జెట్టుతో మిశ్రమము మరికొంత పలుచనగును. ఇంజను మరికొంత వేడిగా నడచును. ఇథనాలు తేమను పీల్చును. పాత రబ్బరు గొట్టములను మెత్తబరచవచ్చును. పాత బండి కొన్నవాడు పెట్రోలు గొట్టములను మార్పించుట, బండిని నెలల తరబడి నిండు టాంకితో నిలువ ఉంచకుండుట, మిశ్రమమును ఒకసారి సరిచూపించుకొనుట మంచిది. గల్ఫునకు తిరిగి పోవుచు బండిని ఇంటివద్ద విడిచిపోవువారు టాంకిని, కార్బ్యురేటరును ఖాళీ చేయించి పోవలెను.

మూడు ఇంజనుల చరిత్రను కలిపి చూచిన ఒక సంగతి తేటపడును. మొదటి ఇంజను తన బాగోగులను నడుపువాని చేతిలో ఉంచినది. రెండవది కార్బ్యురేటరు నాడి తెలిసిన మెకానికు చేతిలో ఉంచినది. మూడవది పనిముట్లు గల వర్కుషాపునకు అప్పగించినది. ఇంజను మెరుగగుచు వచ్చిన కొలది పొగ తగ్గినది, పెట్రోలు కలిసివచ్చినది, శ్రమ తగ్గినది. దానిని విప్పి చూడగల చేతులు కూడ తగ్గినవి. కనుక మూడింటిలో ఏది గొప్పదని అడుగుట కంటె, చెడిన దినమున దీనిని బాగుచేయు మనిషి ఎంత దూరములో ఉన్నాడని అడుగుట మేలు. బండిని నెట్టుకొని పోగల దూరములో అట్టి మనిషి ఉన్న ఇంజనే కొనువానికి మంచి ఇంజను. ఎద్దు పళ్ళు చూచిన రైతు కూడ, తన చేనికి అది సరిపోవునా అని చూచిన తరువాతనే పగ్గము చేతికి తీసికొనును.